ఈ ప్రాణి పేరేమిటి? గుర్తించడం, పేరు రాయడం, వర్గీకరించడం ఎలా

పువ్వు మీద పసుపు, నలుపు చారలున్న చిన్న పురుగు వాలింది. పక్కనున్నవాళ్లు "తేనెటీగ, కుడుతుంది, జరుగు" అన్నారు. మీకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. అది గాలిలో మేకు కొట్టినట్టు ఒకేచోట నిలబడింది, చటుక్కున పక్కకు జరిగింది, మళ్లీ నిలబడింది. తేనెటీగ మామూలుగా అలా చేయదు.

ఈ పురుగునే చివరిదాకా వెంటబెట్టుకుని వెళ్దాం. దీనికి పని చేసిన పద్ధతి పుట్టగొడుగుకైనా, నాచుకైనా, పక్షికైనా పని చేస్తుంది. ఒక్క అలవాటు మాత్రం మొదటిరోజు నుంచే చేసుకోండి. ఫలానా ప్రాణి అని రాశాక ఎవరైనా "ఎందుకు?" అని అడిగితే, చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి. ఫోటో, కొలత, బొమ్మ, నమూనా, ఏదైనా సరే.

1. ముందు మీరు చూస్తున్నది ఏ ప్రాణినో తేల్చుకోండి

పురుగు విషయంలో ఈ సందేహం రాదు. రాతి మీద బూడిదరంగు పొక్కులాంటి మచ్చ కనిపిస్తే వస్తుంది. ప్రాణి అంటే ఏమిటో ఒక్క వాక్యంలో, అందరూ ఒప్పుకునేలా చెప్పే నిర్వచనం జీవశాస్త్రంలో లేదు. కొన్ని లక్షణాలను కలిపి చూస్తారు. కణాలతో కట్టిన ఒళ్లు, బయటి నుంచి పదార్థాన్నీ శక్తినీ తీసుకుని వాడుకునే జీవక్రియ, పెరుగుదల, చుట్టూ జరిగే మార్పుకు స్పందన, తన జన్యు సమాచారాన్ని సంతానానికి అందించడం, తరాలు గడిచేకొద్దీ పరిణామం చెందడం. వీటిలో ఏ ఒక్కదాన్నే పట్టుకున్నా మోసపోతాం. ఉప్పు స్ఫటికం పెరుగుతుంది. మంట ఆక్సిజన్ తీసుకుంటుంది, వ్యాపిస్తుంది. కంచర గాడిద దాదాపు ఎప్పుడూ పిల్లల్ని కనదు, అయినా దాన్ని ప్రాణి కాదని ఎవరూ అనరు. వైరస్‌కు కణం లేదు, సొంత జీవక్రియా లేదు, కానీ జన్యువులు ఉన్నాయి, పరిణామమూ ఉంది. అది ప్రాణా కాదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఆ వాదన తేలేదాకా ఎవరూ ఆగలేదు. వైరస్‌లకు పేర్లు పెట్టి వర్గీకరించడానికి విడిగా ఒక అంతర్జాతీయ కమిటీ పని చేస్తోంది.

ఆ రాతి మీద మచ్చ లైకెన్ అయితే, అందులో ఒక్క ప్రాణి కాదు, కనీసం రెండు ఉంటాయి. ఒక శిలీంధ్రం, దాని లోపల కిరణజన్య సంయోగక్రియ చేసే ఆల్గా లేదా సయనోబాక్టీరియా. నియమం ప్రకారం లైకెన్‌కు ఇచ్చిన పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది. ఆకు మీద కనిపించే గుండ్రటి బుడిపె కూడా ఇలాంటిదే. బుడిపె మొక్క కణజాలమే, దాన్ని పుట్టించిన ప్రాణి లోపల ఉండొచ్చు. పేరు ఎవరికి పెట్టబోతున్నారో ముందే తేల్చుకోకపోతే తర్వాతి మెట్లన్నీ వృథా.

2. పేరు సంగతి పక్కనపెట్టి, చూడండి

ఇక్కడ మన తెలుగే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఈగ, తేనెటీగ, కందిరీగ, జోరీగ, అన్నిటిలోనూ ఈగ ఉంది. శాస్త్రం లెక్కలో ఈగ, జోరీగ ఒక గుంపు, తేనెటీగ, కందిరీగ మరో గుంపు. వాడుక పేరు మీద గౌరవం ఉంచుకోండి, కానీ అది ఇచ్చే చుట్టరికాన్ని నమ్మకండి. నక్షత్ర చేప చేప కాదు. నీటిగుర్రానికి బతికున్న ప్రాణుల్లో అత్యంత దగ్గరి చుట్టాలు తిమింగలాలూ డాల్ఫిన్లూ, గుర్రాలు కావు.

కాబట్టి పేరు రాసే ముందు నోట్‌బుక్‌లో ఇవి రాయండి: తేదీ, సమయం, చోటు, ఏ మొక్క మీద ఉంది, ఏం చేస్తోంది, సుమారు పొడవు. ఫోటో తీస్తే పైనుంచి, పక్కనుంచి, ముఖం ఎదురుగా, మూడు కోణాల్లోనూ తీయండి. మొదట్లో నేను పైనుంచి మాత్రమే తీసేవాడిని. రంగులు బాగా వచ్చేవి, ముఖం, కాళ్లు, రెక్క ఈనెలు ఉండేవి కావు. ఇంటికొచ్చి చూస్తే ఏదీ తేల్చలేని బొమ్మలు పదుల కొద్దీ మిగిలేవి.

ఇప్పుడు పురుగు దగ్గరికి రండి. మొదట రెక్కలు లెక్కపెట్టండి. తేనెటీగకు నాలుగు. కానీ ముందు రెక్కను వెనక రెక్కకు సన్నటి కొక్కేలతో తగిలించుకుంటుంది కాబట్టి నాలుగూ రెండులా కనిపిస్తాయి. అందుకే రెక్కలు ఒక్కటే చూసి నిర్ణయానికి రాకండి. మీసాలు చూడండి. తేనెటీగ మీసాలు పొడవుగా, మోచేయిలా మడతపడి ఉంటాయి. ఈ పురుగు మీసాలు ముఖం మీద అతికించిన రెండు చిన్న మొగ్గల్లా పొట్టిగా ఉన్నాయి, వాటి మీద సన్నటి వెంట్రుక ఒకటి నిలబడి ఉంది. కళ్లు తల మొత్తాన్ని ఆక్రమించాయి. రెండు కళ్లూ నడినెత్తిన కలిసిపోతే అది మగది, మధ్యలో సందు ఉంటే ఆడది. ఇక రెక్కల మొదలు కింద భూతద్దంతో చూడండి. వెనక రెక్కలు ఉండాల్సిన చోట చిన్న గుండు తల ఉన్న పుల్లలు రెండు కనిపిస్తాయి. వాటిని హాల్టియర్లు అంటారు. ఎగిరేటప్పుడు శరీరం ఎటు తిరుగుతోందో పసిగట్టి తూకం నిలిపేవి అవే. గాలిలో మేకు కొట్టినట్టు నిలబడిన ఆ విద్యకు అవి ఆసరా.

రంగు ఒక్కటే చూసి ఉంటే ఇదంతా తప్పిపోయేది. ఈ పురుగుకు కుట్టే శక్తి లేదు. కుట్టేవాటి చారలు తొడుక్కుని, పక్షుల నోటికి చిక్కకుండా బతుకుతోంది.

3. కీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగండి

గుర్తింపుకు వాడే ప్రశ్నల గొలుసును కీ అంటారు. ప్రతి మెట్టులో రెండు వాక్యాలుంటాయి, మీ నమూనాకు సరిపోయేది ఎంచుకుని అది చెప్పిన అంకెకు వెళ్లాలి. 1778లో ఫ్రాన్స్ మొక్కల మీద రాసిన పుస్తకంలో లామార్క్ ఈ పద్ధతి వాడాడు. ఇప్పటికీ పని చేస్తోంది. మన పురుగుకు, నేర్చుకోవడం కోసం బాగా కుదించిన కీ ఇది:

1. రెక్కలు రెండు జతలు: తేనెటీగలు, కందిరీగల కీకి వెళ్లండి. ఒకే జత, వెనక హాల్టియర్లు: 2
2. మీసాలు పొడవుగా, చాలా కణుపులతో: దోమల వైపు వెళ్లండి. పొట్టిగా, కొద్ది కణుపులతో: 3
3. రెక్క మధ్యలో, రెండు కొసలూ దేనికీ అతకని దొంగ ఈనె ఉంది: సిర్ఫిడే కుటుంబం. లేదు: మిగతా ఈగలు

దొంగ ఈనె దొరికినప్పుడు కలిగే ఆనందం వేరు. రెక్కను వెలుతురుకు అడ్డంగా పెట్టండి. మిగతా ఈనెలన్నీ ఒకదాన్నొకటి కలుస్తాయి, ఇది మాత్రం మొదలూ చివరా లేని సన్నటి మడతలా మధ్యలో పడి ఉంటుంది. హోవర్‌ఫ్లై అని పిలిచే ఈ కుటుంబానికి అది సంతకంలాంటిది.

కీ వాడేటప్పుడు మొదటి వాక్యం సరిపోయిందనిపించినా రెండోది చదవకుండా ముందుకు పోకండి. ఏ మెట్టులో అనుమానం వచ్చిందో గుర్తు పెట్టుకోండి, చివర్లో తేడా కొడితే అక్కడికే తిరిగి రావాలి. ప్రతి కీ ఒక ప్రాంతానికో, ఒక గుంపుకో రాసినది. మీ ప్రాణి అందులో లేకపోయినా అది ఏదో ఒక పేరు మీ చేతిలో పెడుతుంది. అందుకే చివర వచ్చిన పేరుకు పూర్తి వర్ణన తీసి, లక్షణం లక్షణం సరిచూసుకోవాలి. ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌లకూ ఇదే వర్తిస్తుంది. యాప్ చెప్పింది సూచనగా తీసుకోండి, రుజువు మీరే వెతకండి.

మన పురుగు పొట్ట మీద మూడో, నాలుగో కణుపులు చూడండి. ఒక్కోదాని మీద ఒక వెడల్పాటి నల్ల పట్టీ, దానికి పైన మీసకట్టులాంటి సన్నటి నల్ల గీత. ఈ జంట చారలతో అది ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ అని తేలుతుంది.

జాతి దాకా వెళ్లలేకపోతే టెన్షన్ పడొద్దు. ఆధారం ఎక్కడ ఆగితే పేరూ అక్కడే ఆగాలి. "సిర్ఫిడే, జాతి తేలలేదు" అని రాయడం గౌరవంగల పనే. ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) తెలిసి జాతి తెలియకపోతే ప్రజాతి పేరు పక్కన "ఎస్‌పీ" అనే సంక్షిప్తం పెడతారు. ఫలానా జాతిలా ఉంది, పోల్చి చూడాలి అనిపిస్తే మధ్యలో "సీఎఫ్" పెడతారు. ఊహించి రాసిన జాతి పేరు ఒక్కటి రికార్డుల్లోకి ఎక్కితే, దాన్ని నమ్మి మ్యాపులు గీసేవాళ్లు ఉంటారు.

4. పేరు రాసే పద్ధతి

శాస్త్రీయ నామంలో రెండు మాటలు. మొదటిది ప్రజాతి, రెండోది ఆ ప్రజాతిలో జాతిని చెప్పేది. రోమన్ లిపిలో రాసేటప్పుడు ప్రజాతి పేరు క్యాపిటల్‌తో మొదలవుతుంది, రెండో మాట మొత్తం స్మాల్ లెటర్సే, మనిషి పేరు మీద పెట్టిన జంతువైనా సరే. రెండూ ఇటాలిక్స్‌లో వేస్తారు, చేత్తో రాస్తే కింద గీత గీస్తారు. రెండో మాట ఒంటరిగా నిలబడదు. "ఇండికా" అంటే ఏదీ కాదు, ఆ మాటతో ముగిసే ప్రాణులు వేరువేరు ప్రజాతుల్లో ఎన్నో ఉన్నాయి. తెలుగులో రాసేటప్పుడు క్యాపిటల్ ఉండదు కాబట్టి, నోట్‌బుక్‌లో ఒక్కసారైనా రోమన్ లిపిలో స్పెల్లింగ్ సరిగ్గా రాసుకోండి. ఒక్క అక్షరం మారితే డేటాబేస్‌లో వెతికినా దొరకదు.

పూర్తిగా రాస్తే మన పురుగు పేరు ఇది: ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ (డి గీర్, 1776). ఈ చివరి బ్రాకెట్లు అలంకారం కాదు. డి గీర్ 1776లో ఈ జాతిని వర్ణించినప్పుడు ఇంటి ఈగ ఉండే మస్కా అనే ప్రజాతిలో పెట్టి, మస్కా బాల్టియాటా అన్నాడు. తర్వాత దాన్ని వేరే ప్రజాతికి మార్చారు. మార్చినట్టు తెలియడానికే జంతువుల్లో మొదట వర్ణించినవారి పేరును బ్రాకెట్లలో పెడతారు. బాల్టియాటా కాస్తా బాల్టియాటస్ అయింది చూశారా? లాటిన్‌లో మస్కా స్త్రీలింగం, ఎపిసిర్ఫస్ పుంలింగం. విశేషణం లింగాన్ని అనుసరించాలి. ఆ మాటకు నడికట్టు కట్టుకున్నది అని అర్థం. పొట్ట మీద పట్టీలు చూశాక ఆ పేరు ఇక మరిచిపోరు.

పేరు అర్థం నిజం కాకపోయినా పేరు మారదు, ఇది చాలామందికి మింగుడుపడదు. తేనెటీగకు, ఈ రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో ఏపిస్ మెల్లిఫెరా అని పెట్టాడు. మెల్లిఫెరా అంటే తేనె మోసేది. తేనెటీగ మోసేది మకరందం, తేనె తయారయ్యేది గూటిలో. 1761లో ఆయనే తేనె చేసేది అనే అర్థంలో మెల్లిఫికా అని రాశాడు. అయినా ముందొచ్చిన పేరే నిలిచింది. పేరు చేయాల్సింది వర్ణన కాదు, వేలెత్తి చూపడం. మాటిమాటికీ సరిదిద్దుకుంటూ పోతే రెండు వందల ఏళ్ల కిందటి పరిశీలనను ఇవాళ్టి పరిశీలనతో కలపలేం.

జంతువుల పేర్లకు ఒక నియమావళి, మొక్కలు, ఆల్గే, శిలీంధ్రాలకు కలిపి ఇంకొకటి, బాక్టీరియాకూ, చూడటానికి వాటిలాగే ఉన్నా వేరే శాఖకు చెందిన ఆర్కియా అనే సూక్ష్మజీవులకూ మరొకటి ఉన్నాయి. చెల్లుబాటు లెక్క మొదలయ్యేది మొక్కలకు 1753లోని లిన్నేయస్ పుస్తకంతో, జంతువులకు ఆయనదే 1758 నాటి పుస్తకంతో, బాక్టీరియాకు 1980 నుంచి. నియమావళులు వేరు కాబట్టి ఫైకస్ అనే ప్రజాతి మర్రి, రావి చెట్లకూ ఉంది, ఒక సముద్రపు నత్తకూ ఉంది. జంతువుల్లో గొరిల్లా గొరిల్లా అని ఒకే మాట రెండుసార్లు రాయొచ్చు, మొక్కల్లో కుదరదు.

5. ఆ పేరు ఇవాళ చెల్లుతుందా?

పాత పుస్తకంలో దొరికిన పేరును అలాగే ఎత్తి రాయకండి. టమాటాను లిన్నేయస్ 1753లో వంకాయ, బంగాళదుంపల ప్రజాతి అయిన సొలానమ్‌లో పెట్టాడు. మిల్లర్ 1768లో లైకోపెర్సికాన్ అనే వేరే ప్రజాతికి తీసుకెళ్లాడు. రెండు వందల ఏళ్ల తర్వాత డీఎన్‌ఏ చూసి మళ్లీ సొలానమ్‌కే తెచ్చారు. మీరు చదివే పుస్తకం ఏ కాలానిదో దాన్నిబట్టి పేరు మారుతుంది. కేటలాగ్ ఆఫ్ లైఫ్, జీబిఫ్ వంటి ఉచిత డేటాబేస్‌లలో వెతికితే ఇప్పుడు ఒప్పుకున్న పేరు, దాని పాత పర్యాయ నామాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఏ పేరు, ఏ తేదీన చూశారో రాసుకోండి.

6. ఇది ఒక జాతా, రెండా?

1942లో ఎర్న్‌స్ట్ మేయర్ చెప్పిన నిర్వచనం బడిలో అందరం చదివాం. ప్రకృతిలో తమలో తాము సంతానం కంటూ, ఇతర గుంపులతో కలవకుండా ఉండే సముదాయం జాతి. మంచి నిర్వచనమే, కానీ చేతిలో ఉన్న చచ్చిన పురుగుకు దాన్ని ఎలా అన్వయిస్తాం? శిలాజాలకు అసలే కుదరదు. లైంగిక ప్రత్యుత్పత్తి లేని ప్రాణులకూ కుదరదు. సింహం, పులి బోనులో కలిసి పిల్లల్ని కంటాయి, అయినా అవి రెండు జాతులే. అందుకే ఆచరణలో రూపం, ప్రవర్తన, డీఎన్‌ఏ, నివాసం, ఇన్ని ఆధారాలు ఒకే గీత మీద కలుస్తున్నాయా అని చూస్తారు.

యూరప్‌లో పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలాన్ని చాలాకాలం ఒకే జాతి అనుకున్నారు. అరుపులు రికార్డు చేసి చూస్తే కొన్ని సుమారు 45 కిలోహెర్ట్జ్ దగ్గర, కొన్ని 55 దగ్గర అరుస్తున్నాయి. డీఎన్‌ఏ కూడా అదే చోట రెండుగా చీలింది. కంటికి ఒకటిగా కనిపించినవి రెండు జాతులు. 2003లో పాల్ హెబర్ట్ బృందం జంతువుల్లో ఒకే జన్యువు నుంచి సుమారు 650 అక్షరాల ముక్కను బార్‌కోడ్‌లా వాడొచ్చని ప్రతిపాదించింది. మరుసటి ఏడాదే కోస్టారికాలో ఒకే జాతి అనుకున్న సీతాకోకచిలుకలో పది దాకా జాతులు దాగి ఉన్నాయని ఒక పరిశోధన చెప్పింది. ఆ చిలుకల గొంగళిపురుగులు వేర్వేరు మొక్కలు తింటున్నాయన్న నోట్స్ చేతిలో ఉండబట్టే ఆ మాటకు బలం వచ్చింది. ఏ మొక్క మీద ఉందో రాసుకోమని మొదట్లో చెప్పింది ఇందుకే.

7. చెట్టులో దాని కొమ్మ వెతకండి

మెట్ల వరస మన పురుగుకు ఇలా ఉంటుంది: జంతు రాజ్యం, ఆర్థ్రోపోడా వర్గం, ఇన్సెక్టా తరగతి, డిప్టెరా క్రమం, సిర్ఫిడే కుటుంబం, ఎపిసిర్ఫస్ ప్రజాతి. పేరు చివర చూసే మెట్టు చెప్పేయొచ్చు. జంతువుల్లో "ఇడే" అని ముగిస్తే కుటుంబం, మొక్కల్లో "ఏసీ" అని ముగిస్తే కుటుంబం, "ఏలీస్" అయితే క్రమం.

ఈ మెట్లు అర పెట్టెల్లాంటివి, సర్దుకోవడానికి పనికొస్తాయి. అసలు వెతకాల్సింది చుట్టరికం. 1950లో విల్లీ హెన్నిగ్ చూపించిన పద్ధతిని ఒక కాగితం మీద చేసి చూడండి. మన పురుగు, ఇంటి ఈగ, తేనెటీగ, మిడత, నాలుగు పేర్లు రాయండి. ఆరు కాళ్లు నాలుగింటికీ ఉన్నాయి, కాబట్టి వీటిలో ఎవరికెవరు దగ్గరో ఆ లక్షణం చెప్పలేదు. లార్వాకూ పెద్ద పురుగుకూ మధ్య వచ్చే ప్యూపా దశ మిడతకు లేదు, మిగతా మూడింటికీ ఉంది, ఆ మూడూ ఒక కొమ్మ. హాల్టియర్లు మన పురుగుకూ ఇంటి ఈగకూ మాత్రమే ఉన్నాయి, ఆ రెండూ లోపలి కొమ్మ. పసుపు నలుపు చారలు ఒక్కటే దీనికి అడ్డం వస్తాయి. అవి తేనెటీగతో కలపమంటాయి. మిగతా లక్షణాలన్నీ ఒక వైపు ఉన్నప్పుడు, చారలు విడిగా పుట్టాయన్నదే నిలిచే మాట. కొత్తగా పుట్టి, పంచుకున్న లక్షణమే చుట్టరికం చెబుతుంది. పైపై పోలికను పక్కన పెట్టాలి.

ఇదే తర్కాన్ని పెద్ద చెట్టుకు పట్టిస్తే అలవాటైన బొమ్మలు తలకిందులవుతాయి. మొసలికి బల్లికన్నా పక్షే దగ్గరి చుట్టం. పుట్టగొడుగు మొక్కలకన్నా జంతువులకు దగ్గర. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ పోల్చి, బాక్టీరియా అనుకున్నవాటిలో కొన్ని పూర్తిగా వేరే శాఖ అని చూపించారు. అదే ఆర్కియా. 1990లో బాక్టీరియా, ఆర్కియా, యూకేరియా అనే మూడు డొమైన్లను, అంటే రాజ్యాలకన్నా పై మెట్టు గుంపులను, వోస్ తన సహచరులతో కలిసి ప్రతిపాదించాడు.

8. ఎవరూ పేరు పెట్టనిది దొరికిందని అనిపిస్తే

ఇప్పటిదాకా సుమారు ఇరవై లక్షల జాతులకు పేర్లున్నాయి. ఉన్నవాటిలో అవి కొన్నే. కాబట్టి మీకు కొత్తది దొరకడం అసాధ్యమేమీ కాదు. కానీ ముందు ఆ గుంపు మీద పని చేసే నిపుణుడికి చూపించండి, కొత్తది అనుకున్నవాటిలో చాలా వరకు పాత పుస్తకాల్లో ఎప్పుడో వర్ణించినవే.

నిజంగా కొత్తదైతే ఒక నమూనాను హోలోటైప్‌గా ఎంచి మ్యూజియంలోనో, ఎండబెట్టిన మొక్కలను దాచే హెర్బేరియంలోనో భద్రపరచాలి. ఆ పేరు శాశ్వతంగా ఆ ఒక్క నమూనాకు కట్టి ఉంటుంది. దగ్గరి జాతులతో తేడా ఏమిటో చెబుతూ వర్ణన ప్రచురించాలి. మొక్కలకు 2012 నుంచి లాటిన్ బదులు ఇంగ్లిష్ కూడా చాలు. శిలీంధ్రాలకు 2013 నుంచి గుర్తింపు పొందిన రిజిస్ట్రీ ఇచ్చే నంబరు తప్పనిసరి. జంతువుల వర్ణన ఆన్‌లైన్‌లో మాత్రమే వస్తుంటే జంతువుల పేర్ల అధికారిక రిజిస్ట్రీ అయిన జూబ్యాంక్‌లో నమోదు కావాలి.

మన పురుగుకు అంత పని లేదు. నమూనాగా ఉంచుకుంటే పిన్నుకు రెండు చిన్న లేబుళ్లు చాలు. పైదాని మీద చోటు, తేదీ, ఏ పువ్వు మీద దొరికింది, ఎవరు పట్టారు. కిందిదాని మీద జాతి పేరు, గుర్తించినవారి పేరు, ఏడాది. రేపు ఇంకెవరైనా చూసి మీ గుర్తింపు తప్పని తేలిస్తే, మీ లేబుల్ తీసేయరు. తమ పేరు, ఏడాదితో మూడో లేబుల్ రాసి దాని కింద గుచ్చుతారు.